కాలు అందాలని బండి దించితే...

బండి పడిపోవడం సినిమాల్లో చూపించినట్టు ఉండదు. చాలా నెమ్మదిగా పడుతుంది. పడుతోందని మనకి తెలుస్తూనే ఉంటుంది, ఆపడానికి మాత్రం బలం చాలదు. పోయిన మార్చిలో నాకు జరిగింది అదే.

మాది నల్లపాడు. మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకి వెళ్లే ట్రాక్టర్ల వరస ఎప్పుడైనా చూశారా? ఒక్కో ట్రక్కు మీద టిక్కీలు మేడలా పేర్చి ఉంటాయి. టిక్కీ అంటే మిర్చి బస్తా, మా వైపు అలాగే అంటాం. ఆ రోజు అమ్మని వెనక ఎక్కించుకుని పేరేచర్ల వైపు వెళ్తున్నా. ముందున్న ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది. నేనూ ఆగి, ఎడమ కాలు కింద పెట్టా. పెట్టా అనుకున్నా. అక్కడ నేల లేదు. తారు అంచు దాటాక మట్టి అరజానెడు దిగిపోయి ఉంది.

దాదాపు 200 కిలోల బండి, దాని మీద మేమిద్దరం. ఒక్కసారి పక్కకి ఒరిగాక ఇక అంతే. అమ్మ చెయ్యి ఆనించింది. ఎముక విరగలేదు కానీ మణికట్టు వాచిపోయి మూడు వారాలు కట్టుతోనే ఉంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నీ కాళ్లకి సరిపడే బండి కాదురా నాన్నా ఇది. అమ్మేసెయ్. నేనైతే మళ్లీ ఎక్కను" అంది, అంతే.

అమ్మడం నా వల్ల కాదు. రెండేళ్లు జీతంలో మిగిల్చి కొన్న సెకండ్ హ్యాండ్ హిమాలయన్ 411 అది. అందుకే 'బండి నా కాళ్లకి సరిపోకపోతే, సరిపోయేలా చేద్దాం' అనుకున్నా. మా కోడ్ రాసేవాళ్ల జబ్బే ఇది. తప్పు ఎక్కడుందో చూడకముందే ఫిక్స్ వెతికేస్తాం.

15 మిల్లీమీటర్లకే ఇంత గొడవా?

టూరింగ్ బళ్లు ఎత్తుగా ఎందుకుంటాయో ముందు చెప్పుకుందాం. గతుకుల్లో చక్రం పైకీ కిందకీ కదలాలంటే చోటు కావాలి. దాన్నే సస్పెన్షన్ ట్రావెల్ అంటారు. హిమాలయన్ 411కి ముందు 200 మిల్లీమీటర్లు, వెనక 180. ఇంజిన్ కింద నేలకి 220 మిల్లీమీటర్ల ఖాళీ. ఇవన్నీ కలిపితే సీటు పైకి పోక తప్పదు. 411 సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన హిమాలయన్ 450ది 825. సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 835. కేటీఎం 390 అడ్వెంచర్ 2020లో వచ్చినప్పుడు ఏకంగా 855.

మరి మనం? 1996లో పుట్టిన మన దేశపు మగవాళ్ల సగటు ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 153కి కాస్త తక్కువ. 2016లో వచ్చిన ఓ పెద్ద అంతర్జాతీయ అధ్యయనం చెప్పిన లెక్క ఇది. నేను ఐదడుగుల నాలుగంగుళాలు, అంటే సగటుకి ఓ అంగుళం అటూఇటూ. 390 అడ్వెంచర్ పక్కన నిలబడితే నాకే నవ్వొస్తుంది. ఆ కంపెనీకి కూడా విషయం అర్థమైనట్టుంది, 2023లో సీటు ఎత్తు 830కి తగ్గించి వేరే వేరియంట్ తెచ్చింది.

ఇక్కడ ఓ తమాషా ఉంది. మా నాన్న స్ప్లెండర్ సీటు ఎత్తు ఎంతో తెలుసా? 785. నా హిమాలయన్‌కీ దానికీ తేడా 15 మిల్లీమీటర్లే! చిటికెన వేలు మందం. అయినా స్ప్లెండర్ మీద రెండు కాళ్లూ నేలకి ఆనతాయి, హిమాలయన్ మీద మునివేళ్లే. ఎందుకు? హిమాలయన్ సీటు వెడల్పు. తొడలు పక్కలకి విడిపోతే కాలి పొడవులో కొంత అక్కడే ఖర్చయిపోతుంది. పైగా స్ప్లెండర్ 112 కిలోలు, ఒరిగినా ఒక కాలితో ఆపేస్తాం. హిమాలయన్ ఒరిగితే అది మనల్ని ఆపేస్తుంది. ఈ చిన్న లెక్క నేను ముందే వేసుంటే కథ ఇంత దూరం వచ్చేది కాదు.

అరగంటలో పని అయిపోయింది

బండి దించడానికి తేలిక దారి లింకు మార్చడం. వెనక షాకబ్జర్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య చిన్న పట్టీల్లాంటి లింకులు ఉంటాయి. డాగ్‌బోన్ అంటారు, నిజంగానే కుక్క ఎముక షేపు. వాటి పొడవు మారిస్తే వెనక భాగం కిందకి దిగుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని గుంటూరులో తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్లా. "అన్నా, ముందు కూడా దించాలా?" అని అడిగా. "ఎందుకు తమ్ముడూ, కాలు అందితే చాలుగా" అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది.

వెనక 30 మిల్లీమీటర్లు దిగింది. షాపు ముందే కూర్చుని రెండు పాదాలూ దాదాపు పూర్తిగా ఆనించా. ఆ ఆనందం పొట్టివాళ్లకే తెలుస్తుంది!

ఇంటికొచ్చి సైడ్ స్టాండ్ వేసి గేటు తీయడానికి వెళ్లా. వెనక్కి తిరిగేసరికి బండి నిటారుగా నిలబడి ఉంది. బండి దిగింది, స్టాండ్ పొడవు మాత్రం పాతదే. గాలి గట్టిగా వీస్తే అవతలి పక్కకి పడిపోయేలా ఉంది. మర్నాడు వెల్డింగ్ షాపుకెళ్లి స్టాండ్ కోయించి కురచ చేయించా. మొదటి ఖర్చు. సెంటర్ స్టాండ్ వేయడం ఇంకో నరకం. బండి కిందకి దిగింది కాబట్టి ఇంకా ఎక్కువ ఎత్తు లేపాలి. ఇద్దరు ఉంటేనే పని.

రెండోది రాత్రి తెలిసింది. ఎదురొచ్చే ప్రతి లారీవాడూ డిప్పర్ కొడుతున్నాడు. నేను లో బీమ్‌లోనే ఉన్నా కదా అనుకున్నా. ఇంటికొచ్చి లెక్క వేస్తే అర్థమైంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 1465 మిల్లీమీటర్లు. వెనక 30 దిగితే బండి మొత్తం ఒక డిగ్రీకి కొంచెం పైన వెనక్కి వాలినట్టు. ఒక డిగ్రీ అంటే ఏముంది అనిపిస్తుంది. కానీ 50 మీటర్ల దూరంలో హెడ్‌లైట్ వెలుగు ఒక మీటరు పైకి లేస్తుంది. నేరుగా డ్రైవర్ కళ్లల్లోకి!

ఆ ఒక్క డిగ్రీ హ్యాండ్లింగ్‌ని కూడా మార్చేసింది. ముందు ఫోర్కులు కాస్త వాలుగా ఉంటాయి కదా, వెనక దిగినప్పుడు అవి ఇంకాస్త వాలతాయి. దాంతో హ్యాండిల్ బద్ధకిస్తుంది. నేరుగా వెళ్లేటప్పుడు నిలకడగా, బాగానే అనిపిస్తుంది. మలుపులో మాత్రం తిప్పినా తిరగదు, బండి వెడల్పుగా పోతుంది. కొందరు దీనికి రివర్స్‌లో చేస్తారు. ముందు ఫోర్కుల్ని క్లాంపులో పైకి జరిపి ముందు మాత్రమే దించుతారు. అప్పుడు హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది కానీ స్పీడులో వణుకు మొదలవ్వచ్చు. అది ఇంకా ప్రమాదం.

కోటప్పకొండ దారిలో

కాళ్లు ఆనతున్నాయని చూపించాక అమ్మ మెత్తబడింది. ఓ ఆదివారం కోటప్పకొండకి బయల్దేరాం. యాభై కిలోమీటర్లకు పైనే. ఫిరంగిపురం కూడా దాటకముందే అమ్మ భుజం తట్టింది. "ఏరా, దీనికి స్ప్రింగులు తీసేశావా?"

నిజానికి అలాగే ఉంది. చిన్న స్పీడ్ బ్రేకర్‌కి కూడా వెనక 'ధడ్' మని తగులుతోంది. ఒక ఊళ్లో పెద్ద స్పీడ్ బ్రేకర్ దగ్గర ఇంజిన్ కింద ప్లేటు గీసుకుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మన ఊళ్లలో ఎవరింటి ముందు వాళ్లు సిమెంటుతో కట్టుకున్న గట్లకి ఏ నిబంధన వర్తిస్తుంది చెప్పండి! ఇద్దరం కూర్చున్నప్పుడు నా బండికి కింద మిగిలిన ఖాళీ వాటికి చాల్లేదు.

కొండ మీది ఘాట్‌లో ఒక మలుపు దగ్గర బండి తిరగక అవతలి వైపుకి జరిగింది. ఎదురుగా ఆటో. ఏమీ కాలేదు. కానీ పైకెళ్లాక నా చేతులు వణికాయి. దర్శనం అయ్యాక అమ్మ నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. తిరుగు ప్రయాణం ఆవిడ నరసరావుపేట నుంచి బస్సులో, నేను బస్సు వెనకాల.

కాలు అందితే పడనని బండి దించాను. పడలేదు నిజమే. ఇంకో రెండు రకాలుగా ప్రమాదం కొని తెచ్చుకున్నా.

టేపు పట్టుకుంటే తెలిసింది

ఆ రాత్రి బాబాయి కొడుకుని పిలిచి కొలతలు మొదలుపెట్టా. మొదటి రోజే చేయాల్సిన పని. మీరు టూరింగ్ బండి కొన్నా, కొనబోతున్నా ఇది చేసి చూడండి. పైసా ఖర్చు లేదు.

సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా, చక్రం ఇరుసు నుంచి పైన సీటు కింద ఏదో ఒక బోల్టు దాకా నిలువుగా కొలవండి. తర్వాత బండి దించి, మామూలుగా రైడ్ చేసే బట్టల్లో, బ్యాగులతో సహా ఎక్కి కూర్చోండి. కాళ్లు ఫుట్‌రెస్ట్‌ల మీద ఉండాలి, బండిని ఎవరైనా ముందు నుంచి నిటారుగా పట్టుకోవాలి. ఇంకొకరు అదే కొలత మళ్లీ తీయాలి. రెండింటి తేడాయే 'శాగ్'. మన బరువుకి బండి ఎంత కుంగిందో చెప్పే అంకె. మొత్తం ట్రావెల్‌లో ఇది దాదాపు 30 శాతం ఉంటే మంచిది. వెనక 180 ఉన్న నా బండికి 54 అటూఇటూగా రావాలి.

దించిన లింకులతో నేనొక్కణ్నే కూర్చుంటే 58 వచ్చింది. ఫరవాలేదు. అమ్మనీ ఎక్కమన్నా. "కదలని బండైతే ఎక్కుతా" అంటూ కూర్చుంది. 96! అంటే ఉన్న 180లో సగానికి పైగా ఊరికే కూర్చోవడంలోనే అయిపోయింది. గతుకులకి మిగిలింది 84. లింకు మారితే స్ప్రింగు మీద పడే భారం లెక్క కూడా మారుతుంది. నా బండిలో స్ప్రింగు ముందుకంటే మెత్తబడింది. పైగా చక్రం ఇదివరకటికంటే పైదాకా వస్తోంది. మడ్‌గార్డ్ లోపల చూస్తే టైరు రాసుకున్న గీతలు. కోటప్పకొండ దారిలో ఆ 'ధడ్' ఏంటో అప్పుడు తెలిసింది.

ఇక్కడే చాలామంది ఇంకో తప్పు చేస్తారు. షాకబ్జర్ మీద ప్రీలోడ్ రింగు ఉంటుంది, సీ-స్పానర్‌తో తిప్పుతారు. దాన్ని బాగా వదులు చేస్తే బండి కాస్త దిగుతుంది, 'ఫ్రీగా లోయరింగ్' అంటారు. ప్రీలోడ్ వల్ల స్ప్రింగు గట్టిగానో మెత్తగానో అవ్వదు. ట్రావెల్‌లో బండి ఎక్కడ నిలబడాలో అది నిర్ణయిస్తుంది, అంతే. వదులు చేస్తే సీటు దిగినంత మేర గతుకులకి ఉన్న చోటు పోతుంది. వెనక మనిషి ఎక్కినప్పుడు నిజానికి రింగు బిగించాలి. మనం ఉల్టా చేస్తాం.

మా ప్రాంతంలో ఈ లెక్క ఇంకా ముఖ్యం. మాది నల్లరేగడి. పత్తికి, మిర్చికి బంగారం లాంటి నేల. రోడ్డుకి మాత్రం శత్రువు. వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన తారు ఏటా కాస్త లేస్తూ, కాస్త కుంగుతూ అలలు తిరుగుతుంది. అంచులు విరుగుతాయి, పక్క మట్టి దిగిపోతుంది. నా కాలికి నేల అందకపోవడానికి కారణం సీటు ఎత్తు ఒక్కటే కాదు, ఈ నేల కూడా. ఇలాంటి చోట ట్రావెల్ తగ్గించుకోవడం అంటే వానాకాలం ముందు గొడుగు అమ్ముకోవడమే.

మళ్లీ మొదటికి

పాత లింకులు మళ్లీ బిగించేశా. మెకానిక్ అన్న నవ్వాడు కానీ ఏమీ అనలేదు. ఈసారి సీటు దగ్గర మొదలుపెట్టా. సీటు కవర్లు కుట్టే షాపులో ముందు భాగం ఫోమ్ 25 మిల్లీమీటర్లు తీయించి, రెండు పక్కలా కూడా చెక్కించా. ఎనిమిది వందలు. స్ప్లెండర్ నేర్పిన పాఠం అక్కడ పనికొచ్చింది. ఎత్తు తగ్గించడం కంటే పక్కలు సన్నం చేయడమే కాలికి ఎక్కువ ఉపయోగపడింది. అయితే మొదటిసారి బాగా పల్చబడి, గంటకే చెక్క మీద కూర్చున్నట్టయింది. మళ్లీ తీసుకెళ్లి లోపల గట్టి ఫోమ్ పొర వేయించాల్సొచ్చింది. మందం సోల్ ఉన్న బూట్లు ఇంకో సెంటీమీటరు ఇచ్చాయి.

ప్రీలోడ్ నాకొక్కడికి 50 వచ్చేలా పెట్టా. అమ్మ ఎక్కితే రింగు బిగిస్తా, 62 వస్తుంది. గతుకులకి 118 మిగులుతుంది. 84 ఎక్కడ, 118 ఎక్కడ!

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఆగడం నేర్చుకోవడం. రెండు కాళ్లూ నేలకి ఆనాలన్న పంతం వదిలేశా. ఆగేముందే పిర్ర కాస్త ఎడమకి జరిపి, ఎడమ పాదం మొత్తం ఆనించి, కుడికాలు వెనక బ్రేకు మీదే ఉంచడం. తారు అంచుకి కాకుండా రోడ్డు మీదే, చదునైన చోట చూసుకుని ఆగడం. నల్లపాడులో మా వీధి చివర ఖాళీ స్థలంలో రోజూ పొద్దున్నే పదిహేను నిమిషాల చొప్పున రెండు వారాలు చేశా. పిల్లలు వచ్చి చూసేవాళ్లు. మోటోజీపీ రైడర్ డానీ పెడ్రోసా ఎత్తు 160 సెంటీమీటర్లే, మూడు ప్రపంచ టైటిళ్లు గెలిచాడని వాళ్లకి చెప్పా. అతను ఆగితే పట్టుకోవడానికి టీమ్ ఉంటుంది, మనకి ముందు ట్రాక్టర్ ఉంటుంది అన్నది వేరే విషయం.

'బరువు కిందకి ఉంటే బండి నిలకడగా ఉంటుంది కదా' అని ఆఫీసులో ఒకడు వాదించాడు. అది కారు లెక్క. అరచేతిలో చీపురుకట్ట నిలబెట్టండి, తర్వాత పెన్సిల్ నిలబెట్టండి. ఏది తేలికో మీకే తెలుస్తుంది. రెండు చక్రాల బండిని మనం అలా నిలబెడుతూనే నడుపుతాం.

అంటే లోయరింగ్ తప్పా? కాదు. ఇంకా పొట్టిగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా టూరింగ్‌లోకి వస్తున్న అమ్మాయిలకి, సీటు చెక్కినా చాలకపోవచ్చు. హైవే తప్ప ఎక్కనివాళ్లకి నా లెక్కలు అంత పట్టింపు కూడా కాదు. కానీ దించితే ముందూ వెనకా సమానంగా దించాలి. షాకబ్జర్ పూర్తిగా నొక్కినప్పుడు టైరు దేనికీ తగలకూడదు, ముందు ఫోర్కులు పైకి జరిపితే బ్రేకు పైపు లాగకూడదు. చెయిన్ వదులు, హెడ్‌లైట్, స్టాండ్ మళ్లీ చూసుకోవాలి. మీ బండికి కంపెనీయే తక్కువ ఎత్తు సీటు ఇస్తుంటే మొదట అదే కొనండి. హిమాలయన్ 450కి 805 మిల్లీమీటర్ల సీటు దొరుకుతుంది. చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రేపు యాక్సిడెంటై ఇన్సూరెన్స్ వాళ్లు ఆ లింకు చూసి ప్రశ్నిస్తే జవాబు మనమే చెప్పుకోవాలి.

డబ్బున్నవాళ్లకి ఈ బాధ ఇప్పటికే తీరిపోయింది లెండి. 2021లో హార్లీ డేవిడ్‌సన్ పాన్ అమెరికా స్పెషల్‌లో ఓ ఆప్షన్ ఇచ్చింది. బండి ఆగబోతుంటే తనంతట తనే కిందకి దిగుతుంది, కదిలాక మళ్లీ లేస్తుంది. అది మన రేంజ్ బళ్లలోకి వచ్చేదాకా మనకి సీటు కుట్టే షాపే దిక్కు.

పాత లింకులు వేశాక ఇంకో పని మిగిలిపోయింది. కోయించిన సైడ్ స్టాండ్ ఇప్పుడు కురచైపోయి, బండి మరీ పక్కకి ఒరిగి నిలబడుతోంది. అదే వెల్డింగ్ షాపుకి మళ్లీ వెళ్లా. కోసిన ముక్క అతను పారేశాడు. వేరే ముక్క అతికించి ఇచ్చాడు, ఆ అతుకు ఇప్పటికీ వికారంగా కనిపిస్తుంది.

వచ్చే నెల వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం ప్లాన్ చేశా. అమ్మ టేపు పట్టుకుని కొలత చూసింది, ఎక్కి కూర్చుంది, అతుకు కూడా చూసింది. కోటప్పకొండ దాకా అయితే వస్తుందట. శ్రీశైలానికి మాత్రం బస్సే.